చిత్రకారుడు ఊరికి రాసిచ్చిన ఇల్లు

1901లో రాయల్ స్కాటిష్ అకాడమీ ఎడ్వర్డ్ ఆట్కిన్సన్ హార్నెల్‌ను సహసభ్యుడిగా ఎన్నుకుంది. ఎడిన్‌బరోలోని ఆ సంస్థ గుర్తింపు దొరికిందంటే స్కాట్లండ్‌లో చిత్రకారుడికి ఇక తిరుగులేనట్టే. ముప్ఫై ఏడేళ్ల హార్నెల్ ఆ గౌరవాన్ని వద్దన్నాడు. అదే ఏడాది తాను పెరిగిన కిర్కూబ్రీ అనే చిన్న రేవు పట్టణంలో, హై స్ట్రీట్‌లో, ఒకప్పటి భూస్వాముల ఇల్లు కొనుక్కున్నాడు. 1933లో కన్నుమూసేదాకా అదే ఆయన చిరునామా. ఆ ఇంటి పేరు బ్రాటన్ హౌస్.

హార్నెల్ బొమ్మలు ఈరోజు గ్లాస్గో, ఎడిన్‌బరో, లివర్‌పూల్ గ్యాలరీల గోడల మీద ఉన్నాయి. ఒక్కో బొమ్మలో ఆయన కొంచెమే దొరుకుతాడు. ఆయన అభిరుచి, పట్టుదల, సంపాదన, తప్పొప్పులు అన్నీ ఒకేచోట కనపడాలంటే మాత్రం ఈ ఇంటికి రావాలి. ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద పని ఈ ఇల్లేనని గట్టిగా చెప్పవచ్చు.

కిర్కూబ్రీ స్కాట్లండ్‌కు నైరుతి మూల, గ్యాలవే ప్రాంతంలో, డీ నది సాల్వే అఖాతంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉంటుంది. జనాభా మూడు వేల పైచిలుకు. పోటు సమయంలో నది నిండుగా రేవుదాకా వస్తుంది. పాటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గి, రెండు పక్కలా తళతళలాడే బురద నేల బయటపడుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ఇక్కడ చలి స్కాట్లండ్‌లోని మిగతా చోట్లంత కటువుగా ఉండదు. వెలుతురు కూడా మెత్తగా ఉంటుంది. చిత్రకారులు ఈ ఊరిని వెతుక్కుంటూ రావడానికి ఆ వెలుతురే కారణమని ఇక్కడివాళ్లు చెబుతారు.

ఊరు పాతది. 1455లోనే రాజు సన్నదుతో పట్టణ హోదా పొందింది. పదహారో శతాబ్దపు చివర్లో కట్టిన మెక్లెలన్ కోట ఊరి నడిబొడ్డున పైకప్పు లేకుండా నిలబడి ఉంది. హై స్ట్రీట్ మలుపు తిరిగే చోట టోల్‌బూత్ అనే పాత భవనం ఉంది. పురపాలక సభ, న్యాయస్థానం, జైలు అన్నీ ఒకప్పుడు అందులోనే. అమెరికా నౌకాదళానికి ఆద్యుల్లో ఒకడిగా పేరుపొందిన జాన్ పాల్ జోన్స్‌ను 1770లో ఈ జైలులోనే పెట్టారు. తన ఓడలో పనిచేసిన వడ్రంగి మరణానికి కారకుడన్నది ఆయన మీద ఆరోపణ. ఎనిమిదేళ్ల తర్వాత అదే జోన్స్ అమెరికా యుద్ధనౌకతో తిరిగొచ్చి, సెల్కర్క్ ప్రభువును ఎత్తుకుపోదామని ఊరి పక్కనే దిగాడు. ప్రభువు ఇంట్లో లేడు. జోన్స్ మనుషులు ఇంట్లోని వెండి సామాను పట్టుకుపోయారు. జోన్స్ ఆ సామానును తన డబ్బుతో కొని, తర్వాత ప్రభువు కుటుంబానికే తిప్పి పంపించాడు.

ఇలాంటి ఊళ్లో చుట్టుపక్కల భూస్వాములకు ఒక ఇల్లు ఉండటం పద్ధెనిమిదో శతాబ్దంలో మామూలు సంగతి. పొలాలు, పశువులు, కౌలుదారులు ఊరి బయట. కోర్టు పనులు, వ్యాపారం, ఓడల రాకపోకలు, విందులు పట్టణంలో. అందుకే ఎస్టేట్ మధ్య ఒక భవంతి, పట్టణపు ప్రధాన వీధిలో మరో ఇల్లు ఉండేవి. బ్రాటన్ అండ్ కాలీ మర్రేలు అనే కుటుంబానికి కిర్కూబ్రీలో ఉన్న పట్నపు ఇల్లే బ్రాటన్ హౌస్. ఇంటి పేరు వాళ్ల ఎస్టేట్ పేరు నుంచి వచ్చిందే.

ఈ కుటుంబం గురించి కొంత తెలుసుకోకపోతే ఇంటి కథ సగమే తెలిసినట్టు. పద్ధెనిమిదో శతాబ్దపు తొలి దశకాల్లో గ్యాలవే భూస్వాములకు పశువుల వ్యాపారంలో లాభం కనపడింది. ఇక్కడ మేపిన పశువులను ఇంగ్లండ్ సంతలకు తోలితే మంచి ధర పలికేది. దాంతో రైతులు తరతరాలుగా సాగుచేసుకుంటున్న భూములకు రాతి గోడలు కట్టి, కౌలుదారులను వెళ్లగొట్టి, పచ్చిక బీళ్లుగా మార్చారు. 1724లో ఆ రైతులు తిరగబడ్డారు. గుంపులు గుంపులుగా కదిలి ఆ గోడలను కూల్చేశారు. చరిత్రలో వాళ్లకు గ్యాలవే లెవెలర్లని పేరు. ప్రభుత్వం సైన్యాన్ని దింపి ఆ తిరుగుబాటును అణిచేసింది. కాలీ ప్రాంతంలో పశువుల కోసం పెద్ద ఎత్తున భూమిని గోడలతో మూసినవాళ్లలో అలెగ్జాండర్ మర్రే ఒకడు. ఆయన కొడుకు జేమ్స్ మర్రే 1760లలో కాలీలో రాబర్ట్ మిల్న్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో కొత్త భవంతి లేపాడు. దాని పక్కనే గేట్‌హౌస్ ఆఫ్ ఫ్లీట్ అనే ఊరిని ఒక పథకం ప్రకారం పెంచాడు. హై స్ట్రీట్ ఇంటి దర్జా వెనక ఈ భూముల ఆదాయం ఉంది. దాన్ని పక్కనపెట్టి గోడల అందాన్ని మాత్రమే మెచ్చుకోవడం సరికాదు.

ఇక హార్నెల్. ఆయన పుట్టింది స్కాట్లండ్‌లో కూడా కాదు. 1864లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బ్యాకస్ మార్ష్ అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు కిర్కూబ్రీ నుంచి అక్కడికి వలస వెళ్లినవాళ్లే. పిల్లవాడికి రెండేళ్లు నిండే సమయానికి తిరిగి సొంత ఊరు చేరారు. ఎడిన్‌బరోలో చిత్రకళ చదివిన తర్వాత హార్నెల్ బెల్జియంలోని ఆంట్‌వర్ప్ అకాడమీకి వెళ్లాడు. అక్కడ చార్ల్స్ వెర్లా శిష్యరికంలో రంగును వెనకాడకుండా వాడటం అబ్బింది.

1885లో తిరిగొచ్చాక గ్లాస్గోకు చెందిన జార్జ్ హెన్రీతో స్నేహం కుదిరింది. అప్పటికే అక్కడ కొందరు యువ చిత్రకారులు ఎడిన్‌బరో పెద్దల మీద కత్తి కట్టి ఉన్నారు. పాత కథలను, కన్నీళ్లు పెట్టించే సన్నివేశాలను గోధుమ రంగు వార్నిష్ పూసి గీసే పద్ధతి వాళ్లకు గిట్టేది కాదు. పొలంలో, వీధిలో కంటికి కనపడే జీవితాన్ని, ఆరుబయటి వెలుతురును గీయాలన్నది వాళ్ల పట్టు. జేమ్స్ గత్రీ, జాన్ లేవరీ, ఇ. ఎ. వాల్టన్, జోసెఫ్ క్రాహాల్ లాంటి వాళ్లున్న ఆ బృందాన్ని గ్లాస్గో బాయ్స్ అన్నారు. హార్నెల్, హెన్రీ వాళ్లలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 1890లో ఇద్దరూ ఒకే కాన్వాసు మీద కలిసి ‘ద డ్రూయిడ్స్: బ్రింగింగ్ ఇన్ ద మిసిల్‌టో’ గీశారు. ప్రాచీన కెల్టిక్ పూజారులు మంచు కొండ దిగుతూ ఊరేగింపుగా వస్తుంటారు. బంగారు పూత, చదునైన రంగులు, అలంకరణ నిండిన ఆ బొమ్మలో దూరం, లోతు అనే పాత లెక్కలు పనిచేయవు. ఇప్పుడది గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉంది. నూట ముప్ఫై ఏళ్లు దాటినా దాని ధైర్యం తగ్గలేదు. 1892లో హార్నెల్ గీసిన ‘సమ్మర్’ను లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీ కొంటే, ప్రజల డబ్బుతో ఇలాంటి బొమ్మా అని పెద్ద గొడవే జరిగింది. గ్యాలరీ వెనక్కి తగ్గలేదు.

1893లో హార్నెల్, హెన్రీ జపాన్ ఓడ ఎక్కారు. ఖర్చులో సాయం చేసినవాళ్లు ఇద్దరు. ఒకరు చిత్రాల వ్యాపారి అలెగ్జాండర్ రీడ్. ఈయన పారిస్‌లో ఉన్నప్పుడు విన్సెంట్ వాన్ గోతో కలిసి ఉన్నాడు. వాన్ గో గీసిన రీడ్ బొమ్మ కూడా కెల్విన్‌గ్రోవ్‌లోనే ఉంది. రెండోవాడు ఓడల యజమాని విలియం బరెల్. తర్వాతి కాలంలో తన కళాసంపదనంతా గ్లాస్గో నగరానికి ఇచ్చేసినవాడు. ఇద్దరు మిత్రులూ 1894లో తిరిగొచ్చారు. హెన్రీ అదృష్టం బాగాలేదు. తిరుగు ప్రయాణంలో ఆయన తైలవర్ణ చిత్రాలు చాలావరకు పాడైపోయాయి. హార్నెల్ కాన్వాసులు క్షేమంగా చేరాయి. 1895లో రీడ్ గ్యాలరీలో ప్రదర్శిస్తే ఎగబడి కొన్నారు. గాలిపటాలు, గొడుగులు, కిమోనోలు, పూలు, నాట్యం చేసే అమ్మాయిలు. అన్నీ దట్టమైన రంగు ముద్దల్లో. వాటిలో ‘కైట్ ఫ్లయింగ్, జపాన్’ ఇప్పుడు ఎడిన్‌బరోలోని జాతీయ గ్యాలరీలో ఉంది.

ఆ విజయం తెచ్చిన డబ్బు, ధీమా వెనకుండగా ఆరేళ్ల తర్వాత హార్నెల్ బ్రాటన్ హౌస్ కొన్నాడు. లండన్‌లోనో గ్లాస్గోలోనో స్థిరపడగల స్థితిలో ఉండి, ఈ చిన్న ఊరిని ఎంచుకున్నాడు. సోదరి ఎలిజబెత్ ఇంటి బాధ్యత తీసుకుంది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఇల్లు, తోట, ప్రయాణాలు అన్నింటిలోనూ ఆమె సగపాలు. హార్నెల్ గురించి రాసినవాళ్లు ఆమెను ఒక వాక్యంలో ముగించడం అన్యాయమే.

ఇంటిని ఆయన కొన్నది కొన్నట్టు ఉంచలేదు. గ్లాస్గో వాస్తుశిల్పి జాన్ కెప్పీ ఆయనకు ఆప్తమిత్రుడు. పేరుపొందిన వాస్తుశిల్పి చార్ల్స్ రెనీ మెకింటాష్ భాగస్వామిగా ఉన్న సంస్థ కెప్పీదే. ఇల్లు మారి నిలదొక్కుకున్నాక, 1910 ప్రాంతంలో, కెప్పీ దాని వెనకభాగానికి ఒక గ్యాలరీని, స్టూడియోను జతచేశాడు. గ్యాలరీలో వెలుతురు పైకప్పు నుంచి దిగుతుంది. గోడలకు మహాగని చెక్క పలకలు. వాటిపైన చుట్టూ పార్థినాన్ ఆలయపు శిల్పపట్టికకు పోతపోసిన నకలు. గ్రీకు గుర్రపు రౌతులు గది చుట్టూ స్వారీ చేస్తున్నట్టుంటారు. చిత్రాలు కొనడానికి వచ్చినవాళ్లు ఇక్కడే కూర్చుని చూసేవాళ్లు. గదిని చూస్తే హార్నెల్ ఎంత ఆలోచించి దాన్ని కట్టించాడో తెలుస్తుంది. నగరపు గ్యాలరీ ఇచ్చే ఠీవి అంతా తన ఇంట్లోనే ఉంది. ఇక అకాడమీతో పనేముంది?

గ్యాలరీ దాటి వెనక్కి వెళితే తోట. హై స్ట్రీట్ ఇళ్ల స్థలాలు పాతకాలపు పట్టణ పద్ధతిలో వీధి వైపు ఇరుకుగా, వెనక్కి పొడుగ్గా సాగుతాయి. బ్రాటన్ హౌస్ స్థలం డీ నది అంచుదాకా వెళుతుంది. ఇంటికి దగ్గరగా ఉన్న భాగంలో చిన్న కొలను, దాటడానికి అడుగు రాళ్లు, విస్టీరియా తీగ కనపడతాయి. ఇది జపాన్ జ్ఞాపకం. అక్కడినుంచి నదివైపు నడిచేకొద్దీ తోట స్కాట్లండ్‌కు తిరిగొస్తుంది: కత్తిరించిన పొదల గట్లు, దారికి రెండువైపులా పూలమొక్కలు, గాజు ఇల్లు, సూర్యగడియారాలు, హార్నెల్ ఎక్కడెక్కడినుంచో సేకరించి తెచ్చిన పాత చెక్కిన రాళ్లు. రెండు దేశాల తోటలను పక్కపక్కన అతికించినట్టు ఎక్కడా అనిపించదు. ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి ఎప్పుడు అడుగుపెట్టామో తెలియదు. రంగుల విషయంలో చేయి తిరిగిన మనిషి మట్టితోనూ అంతే నేర్పుగా పనిచేశాడు.

ఇంట్లో ఇంకో నిధి ఉంది, దాన్ని గురించి మాట్లాడటం కాస్త కష్టం. సుమారు 1,700 ఫొటోలు. హార్నెల్ ఫొటోల సాయంతో బొమ్మలు గీసేవాడు. ఊరి అమ్మాయిలను పిలిపించి, పువ్వు పట్టుకున్నట్టో, వంగి చూస్తున్నట్టో, చెయ్యెత్తినట్టో నిలబెట్టి ఫొటోలు తీయించేవాడు. ఊరి ఫొటోగ్రాఫర్ రాబర్ట్ మెకాంకీ ఈ పనిలో తోడుండేవాడు. అమ్మాయిలు ఉన్నప్పుడు ఎలిజబెత్ కూడా దగ్గర ఉండేది. ఒక ఫొటోలోని చెయ్యి, మరోదాంట్లోని ముఖం తీసుకుని, వాటి చుట్టూ పూలు, ఆకులు, బ్రైహౌస్ బే సముద్రపుటొడ్డు పేర్చి కాన్వాసు నింపేవాడు. ఒకే భంగిమ ఏళ్ల తేడాతో నాలుగైదు బొమ్మల్లో కనపడటానికి కారణం ఇదే. కొనేవాళ్లు అవే అడిగారు, ఆయన అవే గీశాడు. ‘ద డ్రూయిడ్స్’ గీసిన చేతి నుంచి ఇంకా ఎక్కువ ఆశించడం తప్పుకాదు. చివరి రెండు దశకాల బొమ్మల్లో నేర్పు ఉంది, సాహసం లేదు.

కష్టమైన సంగతి అది కూడా కాదు. 1907లో హార్నెల్, ఎలిజబెత్ సిలోన్ మీదుగా ఆస్ట్రేలియా వెళ్లారు. తర్వాత 1920లో బర్మా, మళ్లీ జపాన్. సిలోన్, బర్మా అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్నాయి. ఆ ప్రయాణాల్లో సేకరించిన ఫొటోల్లో స్థానిక స్త్రీలు, పిల్లలు ఉన్నారు. వాళ్లు తిరిగి ఆయన కాన్వాసుల్లో రంగుల వస్త్రాలు కట్టి, పూల మధ్య నవ్వుతూ కనపడతారు. బొమ్మల పేర్లలో ఊరి పేరో దేశం పేరో ఉంటుంది, మనిషి పేరు ఉండదు. తేయాకు తోటల ఎండ, కూలి, అలసట ఆ రంగుల్లోకి రాలేదు. ఇలాంటి చూపు హార్నెల్ ఒక్కడిదే కాదు, ఆ కాలపు యూరప్ చిత్రకారుల్లో చాలామందిది. అయినా వలసపాలన అనుభవం ఉన్న దేశాల నుంచి వెళ్లి చూసేవాళ్ల కంటికి ఆ ఖాళీ ముందుగా తగులుతుంది. ఇంటిని చూసుకుంటున్న నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ ఈ ఫొటోలను దాచిపెట్టలేదు. 2020లో ఎడిన్‌బరో సిటీ ఆర్ట్ సెంటర్‌లో మొదలైన ‘ఫ్రమ్ కెమెరా టు కాన్వాస్’ ప్రదర్శనలో ఫొటోలను, వాటి నుంచి పుట్టిన చిత్రాలను పక్కపక్కనే ఉంచి జనానికి చూపించారు. ఒక చిత్రకారుడి ఇంటిని కాపాడటం అంటే ఇదీ కలిపే.

బొమ్మల్లో సాహసం తగ్గిన రోజుల్లోనే హార్నెల్ మనసు మరో దిక్కుకు మళ్లింది. పుస్తకాలు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక గట్టిగా సేకరించడం మొదలుపెట్టాడు. దగ్గర్లోని డాల్‌బీటీ ఊళ్లో ప్రచురణకర్త, పుస్తకాల వ్యాపారి థామస్ ఫ్రేజర్ సలహాలు ఇచ్చేవాడు. గ్యాలవే, డంఫ్రీస్ ప్రాంతాల గురించి ఎవరు ఏమి రాసినా, ఆ ప్రాంతం వాళ్లు ఏ విషయం మీద రాసినా కావాలన్నది హార్నెల్ నియమం. చరిత్రలు, కవిత్వం, పాటలు, కరపత్రాలు, ఉత్తరాలు, రాతప్రతులు. ఏదీ చిన్నదని వదల్లేదు. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుస్తకాలకైతే లెక్కే లేదు. బర్న్స్ చివరి సంవత్సరాలు గడిపి 1796లో కన్నుమూసిన డంఫ్రీస్ పట్టణం ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపే. బర్న్స్ రచనల పాత ముద్రణలు, ఆయన మీద వచ్చిన పుస్తకాలు కలిపి వేలల్లో ఉన్న ఈ సేకరణ ప్రపంచంలోని పెద్ద బర్న్స్ గ్రంథాలయాల్లో ఒకటి.

ఇంత పుస్తకరాశి తన కోసం కాదు. ఇల్లు, బొమ్మలు, గ్రంథాలయం అన్నీ ఊరివాళ్లకు, ఆ ప్రాంత ప్రజలకు చెందేలా హార్నెల్ వీలునామా రాశాడు. ఎలిజబెత్ 1950లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత ఇల్లు ధర్మకర్తల చేతికి వచ్చి జనానికి తెరుచుకుంది. 1997లో నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ దాన్ని తీసుకుంది. రైతులను వెళ్లగొట్టి గోడలు కట్టిన కుటుంబం విడిది, చివరికి ఎవరైనా లోపలికి నడిచి వెళ్లగలిగే చోటుగా మారింది. చట్టం ఒత్తిడితోనో, ఆందోళనతోనో జరిగిన మార్పు కాదిది. సొంత ఊరి మీద మమకారమున్న ఒక మనిషి, ఆయన మాట నిలబెట్టినవాళ్లు దానికి కారణం.

హార్నెల్ ఉండటం వల్ల ఆ వీధికే కళ వచ్చింది. పక్కింట్లో చార్ల్స్ ఓపెన్‌హైమర్ అనే చిత్రకారుడు కాపురం పెట్టాడు. పుస్తకాలకు బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న జెస్సీ ఎం. కింగ్, ఆమె భర్త ఇ. ఎ. టేలర్ అదే వీధిలో గ్రీన్‌గేట్ అనే ఇంట్లో స్థిరపడ్డారు. ఇంటి వెనక సందులోని చిన్న గదుల్లో మహిళా చిత్రకారులకు చోటిచ్చారు. ప్రసిద్ధ వర్ణచిత్రకారుడు ఎస్. జె. పెప్లో వేసవికి వచ్చిపోయేవాడు. ఊళ్లో చిత్రకారులు ఎంతగా పెరిగారంటే, డొరొతి ఎల్. సేయర్స్ 1931లో ‘ఫైవ్ రెడ్ హెరింగ్స్’ అనే అపరాధ పరిశోధక నవల రాసినప్పుడు హతుడూ చిత్రకారుడే, అనుమానితులూ చిత్రకారులే. కథ జరిగేది కిర్కూబ్రీలోనూ చుట్టుపక్కలా. ఇప్పుడు ఊరి బోర్డుల మీద కూడా ‘చిత్రకారుల పట్టణం’ అన్న పేరే ఉంటుంది. 2018లో పాత టౌన్‌హాల్ భవనంలో కిర్కూబ్రీ గ్యాలరీస్ తెరిచాక ఈ చిత్రకారులందరి పనినీ ఒకచోట చూసే వీలు కలిగింది.

చదువు కోసమో, ఉద్యోగం కోసమో గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది ఒక రోజు ప్రయాణం. 1864లో కిర్కూబ్రీకి వచ్చిన రైలు మార్గం 1965లో మూతపడింది కాబట్టి డంఫ్రీస్‌దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాలి. చలికాలంలో ఇలాంటి ఇళ్లు మూసి ఉండే అవకాశం ఉంది. వేళలు ముందే కనుక్కోవడం మేలు. వెళ్లేముందు కెల్విన్‌గ్రోవ్‌లో ‘ద డ్రూయిడ్స్’ను, వీలైతే ఎడిన్‌బరోలో ‘కైట్ ఫ్లయింగ్, జపాన్’ను చూడండి. ఆ రెండూ కళ్లలో ఉండగా బ్రాటన్ హౌస్ గ్యాలరీలోకి, తర్వాత ఫొటోల దగ్గరికి, ఆ తర్వాత తోటలోకి వెళ్లండి. హార్నెల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాడో, ఆగిన చోట మళ్లీ ఏం మొదలుపెట్టాడో ఆ వరసలో చూస్తేనే తెలుస్తుంది.